ఎన్నేండ్ల జీతం?

కొన్ని మాటలు మన నోట ఎంతగా నలిగిపోయి ఉంటాయంటే వాటి పుట్టుపూర్వోత్తరాలు అడగాలని కూడా తోచదు. "జీతం" అటువంటి మాట. నెల మొదట్లో చేతికి వచ్చేది జీతం. పెళ్ళిచూపులలో వరుణ్ణి గురించి పెద్దలు అడిగే రెండో ప్రశ్న జీతం. ఈ మాటకు వేరొక లోతు ఉన్నదని నాకు నస్రుల్లాబాదులో తెలిసింది.

నస్రుల్లాబాదు బాన్సువాడకు దగ్గరి ఊరు. 2016లో కామారెడ్డి జిల్లా ఏర్పడినప్పుడు మండల కేంద్రమైంది గాని, నేను వెళ్ళిన నాటికి నిజామాబాదు జిల్లా బీర్కూరు మండలంలో ఒక గ్రామం. అక్కడ ఒక చెట్టు నీడన కూర్చున్న ముసలాయనతో మాట కలిసింది. చిన్నతనంలో ఒక ఆసామి దగ్గర "జీతమున్న" అన్నాడాయన. నేను పట్నవాసపు అలవాటుకొద్దీ, "జీతమెంత ఇచ్చేవారు తాతా?" అన్నాను. ఆయన బోసినోటితో నవ్వాడు.

"జీతమెంతని అడుగుతవేంది బిడ్డా? ఎన్నేండ్లని అడుగు."

"ఎన్నేండ్లు?"

"మా నాయిన తెచ్చిన పైసలు తీరేదాక. అవి ఎప్పుడు తీర్నయో నాకెర్క లేదు. తీర్నయని దొర చెప్పిన్నాడు తీర్నయి."

ఆనాటి నుంచి బానిసత్వం మీదా వెట్టి మీదా మన వామపక్ష మేధావులు చేసిన చర్చలు ఏవి చదివినా ఈ మాటలే గుర్తుకు వస్తున్నాయి. ఇక్కడ జీతాన్ని రూపాయలలో కొలవరు, ఏండ్లలో కొలుస్తారు. ఏండ్లలో కొలిచేది మరొకటి కూడా ఉన్నది: జైలు శిక్ష. ఈ రెంటి మధ్య ఉన్న చుట్టరికమే ఈ టపాకు విషయం.

1976లో పార్లమెంటు చేసిన వెట్టిచాకిరీ నిర్మూలన చట్టాన్ని తెరిచి చూడండి. ఏయే ఆచారాలు వెట్టిచాకిరీ క్రిందికి వస్తాయో చెబుతూ దేశంలోని నానా ప్రాంతాల పేర్లను అకారాది క్రమంలో పేర్చారు. ఆ జాబితాలో భాగేలా ఉంది, జీత ఉంది, పాలేరు ఉంది, వెట్టి ఉంది. ఢిల్లీలో అచ్చయిన చట్టంలో మన పల్లెల మాటలు ఇన్ని చోటు చేసుకోవడం చూసి గర్వపడాలో సిగ్గుపడాలో నాకు ఇప్పటికీ తెలియదు.

ఈ మాటలన్నీ ఒకటి కావు. నిజాం రాజ్యంలో వెట్టి అంటే కులాన్ని బట్టి అధికారానికి చేయవలసిన ఊడిగం. కుమ్మరి కుండలివ్వాలి, చాకలి బట్టలుతకాలి, మాదిగ చెప్పులు కుట్టి ఇవ్వాలి, పైగా దొర కబురు మోసుకుని పరుగెత్తాలి. తాసిల్దారు ఊళ్ళోకి వస్తే అతని సామాను పక్క ఊరిదాకా మోయాలి. ఎవరూ అప్పుపడలేదు, ఎవరూ ఒప్పుకోలేదు, ఫలానా కులంలో పుట్టడమే ఒప్పందం. భాగేలా అలా కాదు. పెళ్ళికో కరువుకో కొద్ది సొమ్ము తెచ్చుకున్నవాడు ఆ బాకీకి బదులు తన మనిషితనాన్నే తాకట్టు పెట్టేవాడు. వడ్డీ పెరిగేది, ఒళ్ళు తరిగేది. తండ్రి పోతే బాకీ కొడుకు మీద పడేది. నిజాం ప్రభుత్వం 1936లో భాగేలా ఒప్పందాలను క్రమబద్ధం చేస్తూ ఒక శాసనం తెచ్చింది. ఒప్పందం వ్రాతపూర్వకంగా ఉండాలనీ ఏడాదికి మించరాదనీ అందులో ఉన్నది. చదువురానివాడి వేలిముద్రను కాపాడే కాగితం ఎవరి పెట్టెలో ఉంటుందో ఆ శాసనం అడగలేదు. ఫిర్యాదు వినవలసిన పటేలు పట్వారీలు కూడా ఆ దొర మనుషులే.

1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన మొదలైన ఆంధ్రమహాసభ వెట్టికి వ్యతిరేకంగా తీర్మానాలు చేస్తూ వచ్చింది. 1937లో ఆరవ సభ నిజామాబాదులోనే మందుముల నరసింగరావు అధ్యక్షతన జరిగింది. అప్పటి పెద్దల ధోరణి విన్నపాల ధోరణి. ప్రభువు ఫర్మానా ఇస్తాడు, అధికారులు అమలు జరుపుతారు, ప్రజలకు మేలు కలుగుతుంది. దీనిని తేలికగా తీసిపారేయడం అన్యాయం. వెట్టి మీద మొదట కలం పట్టినవారు వారే. కాని 1944 భువనగిరి సభ నాటికి, రావి నారాయణరెడ్డి అధ్యక్షత నాటికి, మాట మారింది. కమ్యూనిస్టుల చేతిలో ఆంధ్రమహాసభ పల్లెలలో "సంఘం" అయింది. వెట్టి రద్దు చేయండి అని పైవాడిని అడగడం పోయి, మేము వెట్టి చెయ్యం అని దొర ముఖాన చెప్పడం వచ్చింది.

తెలుగుదేశపు ప్రజాస్వామ్య చరిత్రలో ఈ "చెయ్యం" అన్న మాటకు రావలసినంత పేరు రాలేదు. మనం ప్రజాస్వామ్యాన్ని 1952 ఎన్నికల నుంచి లెక్కపెడతాము. పాలేరు మొదటిసారి కాదన్న రోజు నుంచి లెక్కపెట్టాలని నా మనవి.

ఇదే కాలంలో మరొక చర్చ పుస్తకాలలో నడుస్తున్నది. 1949లో ఎస్.ఎ. డాంగే, భారతదేశం ఆదిమ కమ్యూనిజం నుంచి బానిసత్వానికి ఎలా వచ్చిందో వివరిస్తూ ఒక పుస్తకం ప్రకటించారు. గ్రీకు రోమను చరిత్రల నుంచి తీసిన మెట్లను ప్రాచీన భారతానికి అతికించిన గ్రంథమది. ఆ సంవత్సరమే డి.డి. కోశాంబి దానిని తీవ్రంగా ఖండించారు. మార్క్సిజం అంటే మూస కాదు, పరిశీలించే పద్ధతి అన్నది కోశాంబి వాదం. దాసులు ఇక్కడా ఉన్నారు. కాని ఏథెన్సులో వలె ఉత్పత్తి అంతా బానిసల భుజాల మీద నిలబడిన సమాజం మనది కాదన్నారాయన. కులమే ఆ పని చేసిందని ఆయన చూపు.

కోశాంబి పక్షమే సరైనదని నేననుకుంటాను. కాని చర్చ అక్కడ ఆగితే మన ముసలాయనకు చోటు దొరకదు. ఆయన రోమను బానిస కాడు, స్వేచ్ఛగల కూలీ కాడు. అటువంటివారికి చోటు చూపినవారు అంబేడ్కరు. బానిసత్వం, అంటరానితనం, ఈ రెంటిలో ఏది ఎక్కువ హీనమన్న ప్రశ్న ఆయన వ్రాతలలో పదే పదే వస్తుంది. రోమను బానిస యజమానికి ఆస్తి, ఆస్తిని ఎవరూ ఊరకే పాడుచేసుకోరు, కనుక తిండి పెట్టేవాడు, పని నేర్పేవాడు. అంటరానివాడిని కాపాడుకోవలసిన అవసరం ఎవరికీ లేదు. పైగా బానిసకు తాను బానిసనని తెలుసు. అంటరానివాడి బానిసత్వానికి పేరు కూడా లేదు, అది దైవనిర్ణయమన్నారు. 1946లో అంబేడ్కరు అమెరికాలోని నల్లజాతి మేధావి డ్యుబోయిస్‌కు ఉత్తరం వ్రాయడం ఈ ఆలోచనకు కొనసాగింపే.

డ్యుబోయిస్ పేరు రాగానే జైలు గుమ్మం దగ్గరకు వచ్చినట్టే. అమెరికా 1865లో పదమూడవ రాజ్యాంగ సవరణతో బానిసత్వాన్ని రద్దు చేసింది, ఒక చిన్న మినహాయింపుతో: నేరానికి శిక్షగా తప్ప. ఆ సందులోంచి దక్షిణాది రాష్ట్రాలు నిన్నటి బానిసలను చిల్లర నేరాల క్రింద పట్టి, ఖైదీలుగా తోటలకూ గనులకూ కిరాయికిచ్చాయి. బానిసత్వం పోయాక వచ్చిన కొద్దికాలపు ప్రజాస్వామ్యం ఎలా కూలిపోయిందో డ్యుబోయిస్ 1935లో ఒక ఉద్గ్రంథంలో వ్రాశారు. ఏంజెలా డేవిస్ 2003లో మరొక అడుగు వేసి అసలు జైళ్ళే అవసరమా అని అడిగారు. 2018లో కొలరాడో ప్రజలు తమ రాష్ట్ర రాజ్యాంగంలోని ఆ మినహాయింపును ఓటు వేసి తీసివేశారు. 2024 నవంబరులో కాలిఫోర్నియా ప్రజలు తమ రాష్ట్రంలో ఖైదీల నిర్బంధ శ్రమను నిషేధించే ప్రతిపాదనను ఓటు వేసి తిరస్కరించారు. ప్రజాస్వామ్యం ఓటుతో బానిసత్వాన్ని తీసివేయగలదు, ఓటుతోనే ఉంచుకోనూగలదు.

ఇక మన సంగతి. 1947 ఏప్రిల్‌లో ప్రాథమిక హక్కుల సలహా సంఘం ఇచ్చిన మధ్యంతర నివేదికలో మనమూ అమెరికా బాటే పట్టాము. నిర్బంధ చాకిరీ నిషేధం, నేరానికి శిక్షగా విధించినది తప్ప. కాని తుది రాజ్యాంగపు 23వ అధికరణంలో ఆ మాటలు లేవు. బేగారీ, దానివంటి ఇతర నిర్బంధ చాకిరీ నిషిద్ధమన్నారు. ప్రజాప్రయోజనం కోసం రాజ్యం విధించే సేవకు మాత్రం మినహాయింపు ఇచ్చారు. నేరం, శిక్ష అన్న మాటలు మాయమయ్యాయి. ఆ ఖాళీని ఏమని చదవాలి? ఖైదీకీ వెట్టినుంచి రక్షణ ఉన్నదనా? కఠిన కారాగార శిక్ష చట్టంలో ఎలాగూ ఉన్నదిగదా, వేరే చెప్పడమెందుకు అనా?

ఈ ప్రశ్నను మన వామపక్షాలు అందరికంటె ముందు అడగవలసింది. ఎందుకంటే ఈ దేశంలో వారికంటె ఎక్కువగా జైళ్ళు చూసినవారు తక్కువ. నిజామాబాదు ఖిల్లా జైలునే తీసుకోండి. నిజాం కాలంలో దాశరథి, వట్టికోట ఆళ్వారుస్వామి అక్కడ ఖైదులో కలిసి ఉన్నారు. దాశరథి గోడ మీద బొగ్గుతో పద్యాలు వ్రాసిన కథ అందరికీ తెలిసినదే. నన్ను ఎక్కువ ఆకర్షించేది ఆళ్వారుస్వామి చేసిన పని. ఆయన "జైలు లోపల" అన్న కథల పుస్తకంలో రాజకీయ వీరులను కాక, మామూలు నేరస్థులను నిలబెట్టారు. తన పక్కన ఉన్న దొంగా హంతకుడూ ఎక్కడనుంచి వచ్చారో అడిగారు. చిన్నతనంలో ఇతరుల ఇళ్ళలో వంట చేసి చదువుకున్నవాడు, హోటలులో పనిచేసినవాడు కనుక ఆ ప్రశ్న ఆయనకు తోచింది.

కాని ఆయన బాట ఎక్కువమందికి బాట కాలేదు. మన రాజకీయ ఖైదీల పోరాటాలలో ముఖ్యమైన కోరిక, తమను రాజకీయ ఖైదీలుగా గుర్తించాలని. న్యాయమైన కోరికే. అయితే దాని అడుగున ఒక మాట పలకకుండా ఉండిపోయింది: మమ్మల్ని మామూలు ఖైదీలవలె చూడకండి. మరి మామూలు ఖైదీని ఎలా చూడాలి? తిరగలి తిప్పేవాడికి, తివాచీ నేసేవాడికి కూలి ఇవ్వాలా? అతడు కాదంటే ఏమి చేయాలి?

మార్క్సు దీనిని దాటిపోలేదు. 1875లో జర్మను కార్మిక పార్టీ గోథాలో ఆమోదించిన కార్యక్రమంలో ఖైదీల శ్రమను క్రమబద్ధం చేయాలన్న కోరిక ఉన్నది. జైలు సరుకు చవుకగా అమ్మితే బయటి కార్మికుడికి పోటీ అని వారి భయం. మార్క్సు దానిని చిల్లర కోరిక అన్నాడు. పోటీ భయంతో నేరస్థులను పశువులుగా చూడరాదనీ, వారు బాగుపడటానికి ఉన్న ఒకే సాధనమైన ఉత్పాదక శ్రమను వారికి దూరం చేయరాదనీ అన్నాడు. మంచి మాటే. కాని అందులో ఒక ఖాళీ ఉంది. శ్రమ ఖైదీకి హక్కు అన్నాడు సరే. ఖైదీ వద్దంటే?

ఆ ఖాళీ ఎంత పెద్దదో సోవియట్ రష్యా చూపింది. 1931 నుంచి 1933 వరకు శ్వేతసముద్రాన్ని బాల్టిక్‌తో కలిపే 227 కిలోమీటర్ల కాలువను ఖైదీలచేత త్రవ్వించారు. చలికీ ఆకలికీ వేలమంది చనిపోయారు. 1934లో గోర్కీ సంపాదకత్వాన ముప్ఫైమందికి పైగా రచయితలు కలిసి ఆ కాలువను కీర్తిస్తూ పుస్తకం తెచ్చారు. శ్రమ మనుషులను పునీతులను చేసిందన్నారు. మా తరానికి "అమ్మ" నవలను ఇచ్చిన గోర్కీయే. కొన్నేళ్ళపాటు ఈ సంగతి నేను నమ్మలేదు. నమ్మాక కూడా, పెట్టుబడిదారులు ఇంతకంటె ఎక్కువ చేశారుగదా అని సర్దిచెప్పుకున్నాను. అది జవాబు కాదు. వెట్టిని వెట్టి అని గుర్తుపట్టడానికి దొర ఎవరు, జెండా రంగేమిటి అని అడగనక్కరలేదు. పనిచేసేవాడికి కాదనే తావున్నదా అని అడిగితే చాలు.

ఆశ్చర్యమేమిటంటే ఈ కొలతను మన సిద్ధాంతకారులకంటె మన న్యాయస్థానాలు దగ్గరగా పట్టుకున్నాయి. 1982లో ఏషియన్ క్రీడల నిర్మాణ కార్మికుల కేసులో జస్టిస్ భగవతి, కొరడాయే కాదు ఆకలి కూడా బలవంతమేననీ, కనీసవేతనం కంటె తక్కువకు పనిచేయించడం 23వ అధికరణం నిషేధించిన చాకిరీయేననీ తీర్పు చెప్పారు. 1983లో కేరళ హైకోర్టు, ఆ దశకం చివరలో మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఇదే తర్కాన్ని జైలు లోపలికి తీసుకువెళ్ళి, ఖైదీల శ్రమకు కూలి ఇవ్వాలన్నాయి. 1998లో సుప్రీంకోర్టు కూలి ఇవ్వాలన్నది గాని, కఠిన శిక్ష పడినవాడిచేత అతని ఇష్టంతో నిమిత్తం లేకుండా పని చేయించవచ్చునన్నది. అంటే జీతమెంత అన్న ప్రశ్నకు జవాబు దొరికింది, కాదనే హక్కు ఏదన్న ప్రశ్న అలాగే ఉన్నది. 2024 అక్టోబరు 3న అదే కోర్టు సుకన్య శాంత కేసులో, జైళ్ళలో కులాన్ని బట్టి పాకీపనీ వంటపనీ పంచే నిబంధనలను కొట్టివేసింది. నిజాం నాటి వెట్టి లక్షణమే అది: పుట్టుకను బట్టి చాకిరీ. రాజ్యాంగం వచ్చిన డెబ్బయినాలుగేళ్ళకు అది జైలు నిబంధనల పుస్తకంలో అచ్చుగుద్దినట్టు బ్రతికే ఉన్నదని తేలింది.

ఇంతవరకు చెప్పినదంతా ఒక్కచోట ముడిపడే సంవత్సరం 1975. జూన్ 25న అత్యవసర పరిస్థితి ప్రకటించారు. జూలై 1న ప్రకటించిన ఇరవై సూత్రాలలో వెట్టిచాకిరీ నిర్మూలన ఒకటి. అక్టోబరు 25 నుంచి ఆర్డినెన్సు అమలులోకి వచ్చింది. వెట్టికి కట్టుబడిన ప్రతివాడూ స్వేచ్ఛాజీవి, ఆ అప్పులన్నీ రద్దు, వెట్టి చేయించుకుంటే మూడేళ్ళ వరకు జైలు. ఇరవై అయిదేళ్ళ పార్లమెంటరీ పాలనలో 23వ అధికరణానికి దేశమంతటికీ వర్తించే ఇటువంటి చట్టం రాలేదు. పార్లమెంటు నోరు మూసిన ఏడాది వచ్చింది. ఆ సమయంలో వెట్టి గురించి వ్రాసిన కవులూ, వెట్టి మీద పోరాడిన కార్యకర్తలూ విచారణ లేకుండా జైళ్ళలో ఉన్నారు. ఆర్డినెన్సు వచ్చిన అయిదు వారాలకు, డిసెంబరు 1న, ఆదిలాబాదు రైతుబిడ్డలు భూమయ్య, కిష్టాగౌడ్‌లను ముషీరాబాద్ జైలులో ఉరితీశారు.

దీనిని చూపి, ప్రజాస్వామ్యం లేకున్నా పేదవాడికి మేలు జరుగుతుందని ఒకరనవచ్చు. ప్రజాస్వామ్యం పేదవాడికి చేసిందేమున్నదని మరొకరనవచ్చు. రెండు మాటలూ నేను విన్నాను, రెండూ వామపక్షంవారి నోటనే విన్నాను. మూడేళ్ళ తర్వాత జరిగినది చూస్తే రెంటికీ జవాబు దొరుకుతుంది. 1978 సెప్టెంబరులో పొరుగున కరీంనగరు జిల్లా జగిత్యాలలో వేలాది కూలీలు ఊరేగింపు తీశారు. ఆ ఉద్యమం కోరికలలో వెట్టి రద్దు ఒకటి. చట్టప్రకారం అది అప్పటికే లేదు. లేనిదానిని రద్దు చేయమన్నందుకు అక్టోబరులో జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. చట్టం ఇచ్చిన విడుదల, కాదనే గొంతు లేనిచోట, కాగితమే.

ఆ కాగితానికి గొంతు ఇవ్వాలని చూసిన అధికారి ఎస్.ఆర్. శంకరన్. సాంఘిక సంక్షేమశాఖ కార్యదర్శిగా ఆయన పల్లెలకు వెళ్ళి, మీరు స్వేచ్ఛాజీవులు, అప్పు తీర్చనక్కరలేదు, పనికి పోనక్కరలేదు అని దళితవాడలలో తానే చెప్పేవారు. చట్టంలో ఉన్నది చెప్పడమే నేరమైనట్టు ప్రభుత్వంలోని పెద్దలకు అది గిట్టలేదు. 1987 డిసెంబరులో గుర్తేడు దగ్గర నక్సలైట్లు బందీలుగా పట్టుకున్న అధికారులలో ఆయన కూడా ఉన్నారు. అయినా పదేళ్ళ తర్వాత ఇరుపక్షాలకూ ప్రజాస్వామ్య మర్యాద నేర్పాలని పౌరస్పందన వేదికను నడిపారు. బాలగోపాల్ మరొక దారిన అక్కడికే వచ్చారు. హక్కులను విప్లవానికి మెట్టుగా కాక, వాటికవే విలువగలవిగా చూడాలన్నారు. అప్పట్లో ఎందరికో కష్టం కలిగించిన మాట అది. ఉద్యమంలోనివాడికి కూడా తన నాయకుడిని కాదనే హక్కు కావాలి అన్నది దాని సారమని నేను గ్రహించాను.

ఈనాడు నస్రుల్లాబాదు చుట్టుపక్కల, ఎల్లారెడ్డి, కామారెడ్డి వైపు, దొర దగ్గర జీతమున్నవాడు కనబడడు. కాని దుబాయికో ఖతరుకో పోయినవాడు ప్రతి ఊళ్ళోనూ ఉన్నాడు. ఏజెంటుకు కట్టడానికి అప్పు, అక్కడ దిగగానే పాసుపోర్టు యజమాని పెట్టెలో. ఖతరు 2020లో, సౌదీ 2021లో కఫాలా నిబంధనలను సడలించాయి. అది మంచి మార్పే. కాని అప్పు మిత్తి సడలలేదు. ఇప్పుడు వారి నెల జీతం రూపాయలలో చెబుతారు. తిరిగి రావడం మాత్రం ఏండ్లలోనే చెబుతారు.

ఆ రోజు లేవబోతూ ముసలాయనను చివరిమాటగా అడిగాను: "ఇక నేను పోను అని ఒక్కసారైనా అనలేదా తాతా?"

ఆయన నన్ను కొంచెం జాలిగా చూశాడు.

"ఇనెటోడు ఉంటెనే గద బిడ్డా, పోను అని అనేది."

బానిసత్వమంటే ఏమిటి, ప్రజాస్వామ్యమంటే ఏమిటి అని చదివిన పుస్తకాలలో ఇంత చిన్న వాక్యం నాకు దొరకలేదు. వినేవాడు ఉన్నప్పుడు సంఘం పుట్టింది. వినేవాడు లేనప్పుడు చట్టం వచ్చి కూడా ఊరకుండిపోయింది. జైలు గోడ అవతల పని చేస్తున్న మనిషి విషయంలో ఆ వినేవాళ్ళం మనం కాకపోతే, వెట్టి గురించి మనం ఇన్నేండ్లు చెప్పుకున్న మాటలకు అర్థమేమిటన్నది నా ప్రశ్న.